ముల్లు వణకాలి

కొన్నాళ్ళు కూర్చోవద్దని పెద్ద డాక్టరు చెప్పినప్పుడు ఆమెకి నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు లాగుతాయని బిగబట్టుకుంది.

ముప్పై ఏళ్ళుగా ఆమె పని జనాన్ని కూర్చోబెట్టడమే. బస్సు డ్రైవర్ల సీట్లు, సినిమా హాలు కుర్చీలు, పళ్ళ డాక్టరు దగ్గర వెనక్కి వాలే కుర్చీ, అన్నిటికీ ఫోమ్ కోసి, రెక్సిన్ తొడిగి, బిగించి పంపేది. షాపు పేరు ఎవరికీ గుర్తుండదు. సీట్లక్క అంటే మాత్రం ఆ వీధిలో ఎవరైనా చెయ్యి చాచి చూపిస్తారు. కొత్త మనిషి ఎదురైతే ఆమె ముందు మొహం చూడదు, ఎలా కూర్చున్నాడో చూస్తుంది. అంచు మీద కూర్చునేవాళ్ళు, కూలబడేవాళ్ళు, బరువంతా ఒక పక్కకే వేసేవాళ్ళు. లోకం గురించి ఆమెకి తెలిసినదాంట్లో సగం అలా తెలిసిందే. పెద్ద డాక్టరు అంచు మీద కూర్చునే రకం.

పెద్దపేగు చివర, కూర్చునే చోటికి కాస్త పైన, ఆమెకి గడ్డ లేచింది. ఆ ముక్క కోసేసి రెండు కొసలనీ కలిపి కుట్టారు. అతుకు మానేదాకా అటువైపు ఏదీ పోకుండా పొట్ట పక్కన దారి చేసి సంచి తగిలించారు. మూడు నెలల తర్వాత సంచి తీసేస్తామన్నారు. ఆపరేషనైన ఆరో రోజు జ్వరం వచ్చింది. అతుకులో ఒక పక్క విడిపోయిందనీ, దాని వెనక నిమ్మకాయంత గుల్ల ఏర్పడి చీము పట్టిందనీ స్కానింగులో తేలింది.

అప్పుడు వచ్చింది ట్యూబు డాక్టరమ్మ. సన్నగా ఉంటుంది, మాట నిదానం. కెమెరా గొట్టంతో కిందనుంచే లోపలికి వెళ్ళి, ఆ గుల్లలో స్పాంజి ముక్క ఒకటి కూర్చోబెట్టింది. స్పాంజికి తగిలించిన సన్నటి ట్యూబు కిందనుంచే బయటకి వచ్చి, తొడ మీదుగా మంచం పక్కనున్న పంపుకి చేరింది. పంపు ఆగకుండా గాలి లాగుతుంటుంది. చీము సీసాలోకి వస్తుంది, గుల్ల గోడలు స్పాంజి మీదికి ముడుచుకుంటాయి. మూడు నాలుగు రోజులకోసారి స్పాంజి మార్చాలి, ప్రతిసారీ ముందుదానికంటే చిన్నది పెట్టాలి. అంతే వైద్యం.

"ఆ స్పాంజి నాకోసారి చూపించండి" అంది సీట్లక్క, మత్తు దిగీ దిగగానే.

డాక్టరమ్మ మిగిలిన ముక్క తెచ్చి చేతిలో పెట్టింది. సీట్లక్క దాన్ని నొక్కింది, వదిలింది, వెలుతురుకి ఎత్తి చూసింది.

"ఇది సీటుకి పనికిరాదు. గాలి నిలవదు."

"మాకు కావలసింది అదేనక్కా, నిలవకూడదు."

"సరే, గుంట నిమ్మకాయంత అన్నారు. మీరు పెట్టింది ఉసిరికాయంత. మేమైతే కవరు కంటే అరవేలు పెద్దది కోస్తాం. లేకపోతే నిండుగా రాదు, వదులైపోతుంది."

"మేం దాన్ని నింపడానికి పెట్టలేదు. అది మూసుకోవడానికి చోటు వదిలాం."

ఆ మాట సీట్లక్కకి నచ్చలేదు. ఖాళీ కనిపిస్తే నింపాలి, బిగించాలి, అంచు కుట్టెయ్యాలి. ఆమె చేతులకి తెలిసింది అదే. చేతులకి తెలిసినదే మనసుకీ అలవాటైంది. అమ్మ పోయిన మర్నాడు ఆమె పొద్దున్నే షాపు తెరిచి పదహారు సీట్లు కుట్టింది. అందరూ గుండె ధైర్యం అన్నారు. తనకి మాత్రం అది ధైర్యమో, ఖాళీగా ఉండలేకపోవడమో ఈనాటికీ తేలలేదు.

మొదటి స్పాంజి బాగానే పనిచేసింది. జ్వరం దిగింది, సీసా నిండింది. రెండో స్పాంజి పెట్టిన రోజు సాయంత్రం షాపు వీధివాళ్ళు చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది. చిక్కు అక్కడ మొదలైంది. పక్కకి తిరిగి పడుకుని ఉండమని నర్సు చెప్పింది. పడుకుని మనుషులతో మాట్లాడ్డం సీట్లక్క ఎరగదు. పైనుంచి వంగి చూస్తూ, గొంతు తగ్గించి, పసిపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడతారు. ఆమె తమ్ముడికి ఫోన్ చేసింది. తమ్ముడు షాపులో రెక్సిన్ కుడతాడు. అక్క చెప్పింది చేస్తాడు, చేసినంతసేపూ గొణుగుతాడు.

"డ్రైవర్ మోడల్ కుషన్ ఒకటి పట్రా."

"డాక్టరు కూర్చోవద్దన్నాడు కదే అక్కా."

"నేను చేసిన దాని మీద కూర్చోవద్దని చెప్పలేదు కదా. ఆయన చూసింది ఆసుపత్రి కుర్చీల్నే."

కుషన్ వచ్చింది. పన్నెండు గంటలు బస్సు నడిపినా వేలెడు కుంగని ఫోమ్. కుంగితే అది సీటు కాదు దిండు అని షాపులో ఆమె అందరినీ దులిపేది. దాని మీద నిటారుగా కూర్చుని, నడుం దాకా దుప్పటి కప్పుకుని, వచ్చినవాళ్ళందరినీ మందలించి పంపింది. మర్నాడు పొద్దున్నుంచీ కూర్చునే ఉంది. పడుకున్నప్పుడు కూడా నడుం కింద దాన్నే సర్దుకునేది. నర్సు ఒకసారి చూసి, "ఇదేంటక్కా?" అంది. "ఇది ఉంటే నొప్పి తెలీట్లేదమ్మా" అంది సీట్లక్క. నర్సుకి అవతల పద్నాలుగు మంచాలు. ఊరుకుంది.

సీసా తగ్గుతూ వచ్చింది. మొదటి రోజు సగం, తర్వాత వేలెడు, ఆ తర్వాత అడుగున తడి మాత్రమే. "గుడ్ అక్కా, ఎండిపోతోంది" అని నర్సు చార్టులో రాసుకుంది. పంపు మీద గాలి ఎంత లాగుతోందో చూపించే ముల్లు నూట పాతిక దగ్గర నిలబడి ఉంది. పంపు హెచ్చరిక గంట మోగలేదు. అంతా బాగుందనుకున్నారు. నాలుగో రోజు తెల్లవారుజామున జ్వరం నూట రెండు. వెంటనే స్కానింగుకి తీసుకెళ్ళారు.

తొమ్మిదింటికి పెద్ద డాక్టరు వచ్చాడు, చేతిలో కాగితంతో. కుర్చీ లాక్కుని అంచు మీద కూర్చున్నాడు.

"స్కానింగ్ చూశానమ్మా. గుల్ల తగ్గలేదు, కాస్త పెరిగింది. స్పాంజి పని చెయ్యట్లేదు. ఇంకా ఆగితే ఒళ్ళంతా విషం ఎక్కుతుంది. రేపు పొద్దున్నే తీసుకెళ్ళి అతుకు విప్పేస్తాను. కింద మూసేసి, సంచి ఇక శాశ్వతంగా ఉంచేద్దాం."

"నా అతుకు చేతకానిదని తేల్చేశారన్నమాట."

"మీ శరీరం మానడానికి సహకరించట్లేదు. మీ తప్పు కాదు. మధ్యాహ్నం పన్నెండింటికి వస్తాను, ఈ కాగితం మీద సంతకం చేసి ఉంచండి."

ఆయన వెళ్ళాక పక్క మంచం మీది టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుంది. రిటైరైన లెక్కల టీచరు, వేరే ఆపరేషన్ కోసం చేరింది.

"సంచికి భయపడుతున్నావా? నాకు పదకొండేళ్ళనుంచి ఉంది. పిల్లలకి పాఠాలు చెప్పాను, కొండలెక్కాను, మా ఆయనతో రోజూ పోట్లాడాను. ఆయనే ముందు పోయాడు."

"సంచికి కాదు టీచరమ్మా. ఇప్పుడూ ఉందిగా, దాంతో సర్దుకున్నాను. ఓడిపోయావని నాకు వేరేవాళ్ళు చెప్పడమే మింగుడు పడట్లేదు."

"ఓడిపోతే చెప్పకేం చేస్తారు? మార్కులు వెయ్యాలి కదా."

పదింటికి నర్సు దుప్పటి మార్చడానికి వచ్చింది. సీట్లక్క స్టాండు పట్టుకుని లేచి నిలబడింది. లేవగానే తొడ పక్కనుంచి గుడగుడమని చప్పుడైంది. పంపు మీద ముల్లు ఎనభైకి పడిపోయి, కొట్టుకుని, మళ్ళీ మెల్లగా పైకి పాకింది. ట్యూబులో మట్టిరంగు చీము జరజరా జారి సీసాలో పడింది.

నర్సు అటు తిరిగి దిండు గలీబు తొడుగుతోంది. సీట్లక్క మెల్లగా కుషన్ మీద కూర్చుంది. చప్పుడు ఆగిపోయింది. ముల్లు నూట పాతిక దగ్గర బొమ్మ గీసినట్టు నిలబడింది. ఆమె దగ్గింది. ముల్లు కదల్లేదు. లేచింది, గుడగుడ. అప్పుడు దగ్గింది. ముల్లు వణికింది. మళ్ళీ కూర్చుంది. చావు నిశ్శబ్దం.

"ఏంటక్కా, గుంజీలు తీస్తున్నావ్?" అంది నర్సు.

"ఏం లేదు."

ఏం లేకపోవడమేంటి, అంతా తెలిసిపోయింది. తను ట్యూబు మీద కూర్చుంది. కుంగని ఫోమ్‌కీ, ఒంటి బరువుకీ మధ్య ట్యూబు నొక్కుకుపోయింది. పంపుకి తన దగ్గర గాలి ఎంత లాగుతోందో తెలుసు. నొక్కుకున్న చోటికి అవతల లోపలేం జరుగుతోందో దానికి తెలీదు. అందుకే ముల్లు అంత ధీమాగా నిలబడింది. లోపల స్పాంజి మాత్రం నాలుగు రోజులు చీములో ఊరుతూ పడుంది. సీసా ఎండిపోయింది మానినందుకు కాదు, దారి మూసుకుపోయినందుకు. పంపు కాదు, శరీరం కాదు. తన సీటు.

నర్సు అటు వెళ్ళగానే ఆమె కుషన్‌ని మంచం కిందికి తోసి, పక్కకి తిరిగి పడుకుని గోడ చూసింది. నీ తప్పు కాదని డాక్టరు అన్నాడు. ఆ మాట ఇప్పుడు ఎంత మెత్తగా ఉందో! దాని మీద హాయిగా కూర్చోవచ్చు. ఒళ్ళు మొండికేసిందంటే జాలి పడతారు, పళ్ళు తెచ్చిపెడతారు. తన పనితనమే తనని ముంచిందంటే నవ్వుతారు. ముప్పై ఏళ్ళ పేరు. రేపు ఆపరేషన్ అయిపోతే ఈ సంగతి ఎవరికీ తెలీదు, కుషన్ నోరు విప్పదు. అలా అనుకోగానే కడుపులో చల్లగా ఒక సుఖం కలిగింది. ఆ సుఖాన్ని చూసి ఆమెకి భయం వేసింది. పేగు పోతే పోయింది, పరువు దక్కితే చాలనుకునే మనిషి ఒకర్తి తన లోపల కూర్చుని ఉంది. ఇన్నాళ్ళూ షాపు నడిపింది బహుశా ఆవిడే.

"లే అమ్మా తల్లీ, నువ్వు లే ఇక ఆ సీట్లోంచి" అంది పైకే.

"ఎవర్నీ?" అంది టీచరమ్మ.

"నన్నే."

పన్నెండింటికి పెద్ద డాక్టరు, ట్యూబు డాక్టరమ్మ కలిసి వచ్చారు. తమ్ముడు అప్పటికే వచ్చి కాగితం పట్టుకుని నిలబడ్డాడు.

"పెట్టెయ్యవే అక్కా. నీ మొండితనానికి విసుగొచ్చి ఆ పేగే విడిపోయింది. బతికుంటే చాలు."

"నోర్ముయ్. ఆ మంచం కిందున్న కుషన్ తియ్యి."

తమ్ముడు తీశాడు. సీట్లక్క దాన్ని డాక్టర్ల ముందు పెట్టి, జరిగిందంతా చెప్పింది. తిన్నగా, నీళ్ళు నమలకుండా. నర్సు మొహం పాలిపోయింది.

"సిస్టర్‌కి తెలీదు. దుప్పటి కప్పుకుని దాచాను" అంది సీట్లక్క. అందులో సగమే నిజం.

పెద్ద డాక్టరు కూర్చున్న అంచు మీదనుంచి లేచాడు. "ఇదేమన్నా ఆటా? ప్రాణం మీదికి తెచ్చుకున్నారు! కూర్చోవద్దంటే..."

"తిట్టండి. తిట్టాక వినండి. స్పాంజి పని చెయ్యలేదని మీరన్నారు. దానికి పని చేసే అవకాశమే నేనివ్వలేదు. ఓడిపోయింది అతుకు కాదు. దానికి పరీక్షే పెట్టలేదు."

ట్యూబు డాక్టరమ్మ ట్యూబుని వేళ్ళ మధ్య నొక్కి, వదిలి, ముల్లు వైపు చూసింది. మళ్ళీ నొక్కింది.

"ఈవిడ చెప్పింది నిజం సార్. సీసా తగ్గిందని మనమూ సంతోషించాం. జ్వరం పెరుగుతుంటే సీసా ఎందుకు ఎండుతోందని అడగాల్సింది. నేను అడగలేదు."

"నిజమైనా జ్వరం జ్వరమే" అన్నాడు పెద్ద డాక్టరు. "లోపల చీముంది. నేను కళ్ళు మూసుకుని కూర్చోలేను."

"వద్దు" అంది సీట్లక్క. "నలభై ఎనిమిది గంటలివ్వండి. కొత్త స్పాంజి పెట్టండి. ఎల్లుండి పొద్దుటికి జ్వరం దిగకపోతే మీరడగక్కర్లేదు, నేనే వస్తాను. ఇదిగో." తమ్ముడి జేబులోంచి పెన్ను లాక్కుని, కాగితం మీద సంతకం గీకింది. "ఈలోగా ఏ గంటలో ప్రమాదం అనిపించినా తీసుకెళ్ళండి. కాగితం నా దగ్గరే ఉంటుంది."

అంత పెద్ద డాక్టరుకీ ఎక్కడ చేతులు పెట్టుకోవాలో తెలియలేదు.

"బీపీ పడినా, గుండె దడ పెరిగినా ఆ నిమిషంలోనే తీసుకెళ్తా. బేరాలుండవు."

"ఉండవు."

మధ్యాహ్నం స్పాంజి మార్చారు. పాతది బయటకి వచ్చినప్పుడు గదంతా కంపు కొట్టిందని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. వార్డుకి తెచ్చేసరికి తమ్ముడు ఫోమ్ దిమ్మ, కత్తి పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. అక్క చెప్పినట్టు షాపుకి వెళ్ళి, కింద గట్టిది, పైన మెత్తది, రెండు పొరలు అంటించి తెచ్చాడు.

"పడుకుంటే సరిపోతుంది కదక్కా?" అంది డాక్టరమ్మ. "మళ్ళీ సీటెందుకు?"

"పడుకుంటే మీరు చెప్పింది వింటాను. కూర్చుంటే నేనూ ఆలోచిస్తాను."

"ముల్లు వణకాలి. దగ్గినప్పుడల్లా వణికితేనే కూర్చోవాలి. ఒక్కసారి ఆగిందా, సీటు నేనే పట్టుకుపోతా. అది కూడా పూటకి గంటే."

ఒప్పందం కుదిరింది. సీట్లక్క సంతకం చేసిన కాగితం తిరగేసి, ఖాళీగా ఉన్న వైపున గీతలు గీసింది. బరువు మోయాల్సింది రెండు పిర్రల ఎముకలు, వాటి కింద రెండు దిమ్మలు. మధ్యలో నాలుగు వేళ్ళ వెడల్పున కాలువ, ముందుకి తెరిచి. తమ్ముడు వరండాలో ఆ గీతల ప్రకారం కోశాడు. కోస్తూ అలవాటు కొద్దీ కాలువని అరవేలు ఇరుకు చేశాడు.

"వెడల్పు చెయ్యరా. బిగువు వద్దు."

"నువ్వేనా ఆ మాటంటోంది?" అన్నాడు తమ్ముడు, కత్తి ఆపి. "ఇరవై ఏళ్ళుగా వదులుగా ఉందని నా కుట్లు విప్పించావు."

"చోటు వదలమంటున్నాను. విను."

కాగితం మడిచి సీటు కింద పెట్టి, దాని మీద కూర్చుంది. దగ్గింది. ముల్లు వణికింది.

ఇక టీచరమ్మకి పని దొరికింది. గోడ గడియారం చూస్తూ, పంపు ముల్లు మీద కన్నేసి, పాతిక నిమిషాలకోసారి తరగతి గదిలో లాగా గొంతెత్తేది.

"దగ్గు!"

సీట్లక్క దగ్గేది.

"వినపడలేదు. వెనక బెంచీ వాళ్ళకి కూడా వినపడాలి."

"నవ్వించకండి టీచరమ్మా, కుట్లు..."

"నవ్వినా వణుకుతోంది. సరే, హాజరు వేశాను."

ఆ సాయంత్రం జ్వరం నూట రెండున్నర. తగ్గాల్సింది పెరిగింది. నర్సు థర్మామీటర్ చూసి చార్టులో రాసుకుంది. ఎముకల్లోంచి చలి లేచి ఆమె పళ్ళు టకటకలాడాయి. సీటు మీద నుంచి దిగి పక్కకి తిరిగి పడుకుంది. కాగితాన్ని తీసి దిండు కింద పెట్టుకుంది. తను పట్టుబట్టింది బతుకు కోసమా, మాట కోసమా? రెండూ ఒకే కుట్టులో కలిసిపోయాయి, ఒకటి విప్పితే రెండోది ఊడుతుంది. అయినా పక్కన పంపు ముల్లు ఆమె ఊపిరితో పాటు వణుకుతూ ఉంది. అదొక్కటే ఆ పూట ఆమెకి అబద్ధం చెప్పని వస్తువు.

మర్నాడు పొద్దున నర్సు సీసా చూసి మొహం చిట్లించింది. "ఇంత పెరిగిందేంటక్కా! అమ్మో, వాసన!"

"పెరగాలి. రాసుకో, పెరిగిందని."

మధ్యాహ్నానికి నూట ఒకటి. రాత్రికి నూరు. ఎల్లుండి అనుకున్న పొద్దున పెద్ద డాక్టరు తనే థర్మామీటర్ పెట్టి, తనే చదివాడు. తొంభై తొమ్మిది. మళ్ళీ పెట్టాడు. మారలేదు. రక్తం రిపోర్టు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇంకో రెండు మార్పులు చూద్దాం" అన్నాడు.

"చూద్దాం" అంది సీట్లక్క, ఆపరేషన్ తనే చేస్తున్నట్టు.

రెండు కాదు, నాలుగయ్యాయి. ప్రతిసారీ డాక్టరమ్మ కోసిన ముక్కని సీట్లక్క తనకి చూపించమనేది. ఉసిరికాయంత, రేగిపండంత, చిక్కుడుగింజంత. ఈలోగా టీచరమ్మ ఇంటికి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ, "నేను లేనని దగ్గడం మానెయ్యకు" అని హెచ్చరించింది. నాలుగోసారి పరీక్ష అయ్యాక డాక్టరమ్మ ఉత్త చేతులతో మంచం దగ్గరికి వచ్చింది.

"పెట్టడానికి చోటు లేదక్కా."

ముప్పై ఏళ్ళలో, చోటు లేదంటే సీట్లక్క సంతోషించడం అదే మొదలు. ఆ తర్వాత చాలాసేపు ఎవరికీ కనపడకుండా అటు తిరిగి పడుకుంది. మళ్ళీ గోడ చూసింది. ఈసారి గోడ మీద గోడ తప్ప ఏం లేదు.

ఇంటికి పంపే రోజు పెద్ద డాక్టరు తన గదికి పిలిచాడు. సంచి ఇంకో మూడు నెలలుంచుదామని, పరీక్ష చేసి అతుకు గట్టిగా ఉంటే అప్పుడు తీసేద్దామని చెప్పాడు. ఇంకా గెలిచినట్టు కాదని కూడా అన్నాడు.

"ఓడినట్టు కూడా కాదు" అంది ఆమె.

"ఆ సంతకం పెట్టిన కాగితం ఇచ్చెయ్యండమ్మా. రద్దు చేసి ఫైల్లో పెట్టాలి."

"ఇవ్వను. వెనక కొలతలున్నాయి. మీ డాక్టరమ్మ అలాంటి సీట్లు మూడు కావాలంది, ఆడవాళ్ళ వార్డుకొకటి, మగవాళ్ళకి రెండు. ఒరిజినల్ నా దగ్గర ఉంటుంది. మీకు జిరాక్స్ పంపిస్తా."

సీట్లక్క ఎదురుగా ఉన్న కుర్చీని ఒకసారి చేత్తో నొక్కి చూసింది. ఎవరూ కూర్చోమనకుండానే, కుషనేమీ వేసుకోకుండా, నిటారుగా కూర్చుంది. నొప్పి వచ్చింది. లేవలేదు.

"ఒకటడగనా డాక్టరుగారూ? మీరు ఎప్పుడూ అంచు మీద కూర్చుంటారేం?"

"అలవాటు."

"కాదు, వెనక ఫోమ్ చచ్చిపోయింది. లేవండి, చూస్తాను."

ఆయన లేచాడు.